నోరు మూసినా పళ్ళు విడిగానే ఉండాలి

(ఒత్తిడి వల్ల పళ్ళు కొరకడం, దవడ నొప్పి గురించి విజయవాడలో ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రులకీ, కాలనీవాసులకీ ఒక దంత వైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ముందు వరుసలో ఖాళీలున్నాయి, రండి. వెనక వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. ఎవరూ నోరు తెరవొద్దు, కదలొద్దు. మామూలుగా ఎలా కూర్చున్నారో అలాగే ఉండండి. ఇప్పుడు చూసుకోండి, మీ పై పళ్ళు, కింది పళ్ళు తగులుతున్నాయా? తగులుతున్నాయా, లేదా? గట్టిగా నొక్కుకోనక్కర్లేదు, ఊరికే ఆనుకుని ఉన్నా తగులుతున్నట్టే లెక్క.

చూశారా, అడగ్గానే చాలామంది దవడ కిందికి వదిలేశారు. ఇక్కణ్ణుంచి నాకు కనిపిస్తోంది. అంటే అప్పటిదాకా బిగించే ఉన్నారన్నమాట. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదాంట్లో సగం ఇదే. పై పళ్ళూ కింది పళ్ళూ తగలాల్సింది అన్నం నమిలేటప్పుడు, గుటక వేసేటప్పుడు. అంతే. ఇరవై నాలుగు గంటల్లో ఆ తగిలే సమయమంతా కలిపినా ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా ఉంటుంది. మిగతా సమయమంతా పెదవులు మూసి ఉన్నా సరే, లోపల పళ్ళ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. నోరు మూసుకోవడం వేరు, పళ్ళు బిగించుకోవడం వేరు. చాలామందికి ఈ రెండూ ఒకటే అయిపోయాయి.

ఇప్పుడు రెండు చేతుల వేళ్ళూ బుగ్గల మీద పెట్టండి. చెవి తమ్మెకి కాస్త ముందు, దవడ మూలకి కాస్త పైన. పెట్టారా? ఇప్పుడు పళ్ళు గట్టిగా కొరకండి. వేళ్ళ కింద ఉండలా పైకి లేచింది చూడండి, అది నమిలే కండరం. మాసెటర్ అంటాం. ఇప్పుడు వేళ్ళు కణతల మీదికి తీసుకెళ్ళండి. మళ్ళీ కొరకండి. అక్కడా కదిలింది కదా? అది టెంపొరాలిస్. అంటే మీ కణతల దగ్గర తలనొప్పి మొదలయ్యేది ఈ కండరంలోనే కావచ్చు. ఏళ్ళ తరబడి తలనొప్పికి మాత్రలు మింగుతూ, కళ్ళజోడు మార్పిస్తూ, సైనస్ ఎక్స్‌రేలు తీయిస్తూ తిరిగేవాళ్ళు మనలో ఎంతోమంది. ఒక్కసారి ఇక్కడ వేలు పెట్టి నొక్కి చూస్తే, 'ఆఁ, అదేనండీ నొప్పి' అంటారు.

ఈ కండరాలు చాలా బలమైనవి. వెనక దంతాల మీద మామూలు మనిషి గట్టిగా కొరికితే అరవై, డెబ్భై కిలోల బరువు పడుతుంది. కానీ నొప్పి తెచ్చేది ఎప్పుడో ఒకసారి పడే ఆ పెద్ద బలం కాదు. గంటల తరబడి విడవకుండా ఉండే చిన్న బిగింపు. రైతుబజారు నుంచి రెండు కిలోల కూరగాయల సంచి మోచేయి మడిచి పట్టుకుని నిలబడ్డారనుకోండి. రెండు కిలోలు ఒక బరువా? కాదు. కానీ గంటసేపు అలాగే ఉంటే? చెయ్యి వణుకుతుంది, లాగుతుంది, మర్నాడు కూడా నొప్పి పెడుతుంది. దవడ కండరానికీ అదే జరుగుతోంది. బిగించి ఉన్నంతసేపూ దానికి రక్తం సరిగ్గా అందదు, అలిసిపోతుంది, నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి మనం ఇంకాస్త బిగిస్తాం.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. పళ్ళు కొరకడం రెండు రకాలు. పగలు మెలకువగా ఉన్నప్పుడు బిగించడం ఒకటి, రాత్రి నిద్రలో నూరడం ఒకటి. డాక్టర్లు రెండింటినీ కలిపి బ్రక్సిజం అంటారు గానీ, రెండూ ఒకటి కావు. నిద్రలో నూరడం పెద్దవాళ్ళలో సుమారు పది మందిలో ఒకరికి ఉంటుంది. పగటి బిగింపు అంతకంటే ఎక్కువమందికి ఉంటుంది, చప్పుడు రాదు కాబట్టి ఎవరికీ తెలియదు.

నిద్రలో ఏం జరుగుతుంది? మనం పూర్తిగా లేవకుండానే మెదడు మధ్యమధ్యలో కొన్ని సెకన్లపాటు మెలకువకి దగ్గరగా వస్తుంది. అందరికీ వస్తుంది, ఒక్క రాత్రిలో చాలాసార్లు. అప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, దాని వెనకే దవడ కండరాలు లయగా బిగిసి వదులుతాయి. కొంతమందిలో అది ఎక్కువై, పళ్ళు రాసుకుని కరకరమని చప్పుడొస్తుంది. పక్కన పడుకున్నవాళ్ళకి నిద్ర ఉండదు, కొరికేవాళ్ళకి మాత్రం తెలియదు. ఇది మెదడులోంచి వచ్చేది. పళ్ళ వరుస వంకరగా ఉందని రాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

మరి ఒత్తిడి? మనసులోని ఒత్తిడికి గట్టి సంబంధం ఉన్నది ఎక్కువగా పగటి బిగింపుతో. రాత్రి నూరుడుకి ఒత్తిడి ఒక్కటే కారణమని చెప్పలేం. వంశంలో ఉండటం, గురక, కాఫీ, సిగరెట్, మద్యం, కొన్ని మాత్రలు, ఇవన్నీ కలుస్తాయి. అందుకే 'టెన్షన్ తగ్గించుకోండి, అదే పోతుంది' అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయడం నాకు నచ్చదు. పగలు బిగించడం మన చేతిలో ఉంది, దాన్ని మాన్పించవచ్చు. రాత్రిది మన చేతిలో లేదు, దాన్నుంచి పళ్ళని కాపాడుకోవచ్చు. రెండింటికీ వైద్యం వేరు.

పగలు బిగించేది ఎవరు? కోపం వచ్చినవాళ్ళే అనుకుంటాం. కాదండీ. ఏ పనిలోనైనా మనసంతా పెట్టినవాళ్ళు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లాడు, గెడ్డం అరచేతికి ఆనించి లెక్క చేస్తుంటాడు, పళ్ళు బిగిసే ఉంటాయి. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో స్కూటీ నడిపే అమ్మాయి. మార్చి నెలాఖరులో లెక్కలు సరిచూసే అకౌంటెంటు. ఆటోనగర్‌లో బిగుసుకుపోయిన నట్టు విప్పే మెకానిక్కు. ఇంట్లో మంచంపట్టిన అత్తగారిని చూసుకుంటూ, అనాల్సిన మాట అనలేక గొంతులోనే దిగమింగుకునే కోడలు. దవడ కండరాల నొప్పి ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో ఎక్కువ. వాళ్ళలో చాలామంది పంటి బిగువున రోజులు నెట్టుకొస్తుంటారు. వాళ్ళు చెప్పే నొప్పిని 'నీకన్నీ అనుమానాలే' అని కొట్టిపారేయకండి. అది నిజమైన నొప్పి, కండరంలో ఉంది, వేలు పెట్టి చూపించొచ్చు.

గుర్తులు ఏమిటి? ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి, ఫోన్ టార్చి వేసి చూసుకోండి. బుగ్గ లోపలి వైపు, పళ్ళు కలిసే ఎత్తులో ముందు నుంచి వెనక్కి ఒక తెల్లటి గీత ఉంటుంది. నాలుక అంచుల మీద పళ్ళ అచ్చులు, వంకీలు వంకీలుగా ఉంటాయి. కోరపళ్ళ మొన అరిగి చదునుగా అవుతుంది. ఈ గీతలూ అచ్చులూ ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, నొప్పి లేనివాళ్ళకీ ఉంటాయి. కానీ వాటితోపాటు పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టు ఉండటం, కణతల్లో నొప్పి, చెవిలో పోటు, చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమనడం, వేయించుకున్న సిమెంటు మళ్ళీమళ్ళీ ఊడిపోవడం ఉంటే ఆలోచించాలి. చెవిపోటని చెవి డాక్టరు దగ్గరికి వెళ్తే, చెవి బాగానే ఉందమ్మా అని పంపిస్తారు. దవడ కీలు చెవి రంధ్రానికి సరిగ్గా ముందే ఉంటుంది, అక్కడి నొప్పి చెవినొప్పిలాగే ఉంటుంది.

పంటి మీద ఉండే ఎనామిల్ పొర కొనల దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం. శరీరంలో అన్నిటికంటే గట్టిది. కానీ ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎనామిల్ మాత్రం రాదు. దాని కింద ఉండే పసుపు పొర మెత్తన, అది బయటపడ్డాక అరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. దీనికి తోడు ఎసిడిటీ ఉండి పులితేన్పులు వచ్చేవాళ్ళకీ, రోజూ కూల్‌డ్రింకులు తాగేవాళ్ళకీ ఆ ఆమ్లం పంటి పైపొరని మెత్తబరుస్తుంది, నూరుడు దాన్ని గీకేస్తుంది. రెండూ కలిస్తే నలభై ఏళ్ళకే ముందు పళ్ళు పొట్టిగా అయిపోతాయి.

అన్ని దవడ నొప్పులూ ఇవే కావు

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. దవడ నొప్పి అనగానే ఒత్తిడి అనుకుని ఊరుకోకూడదు.

మీ చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, మూడూ కలిపి నిలువుగా ముందు పళ్ళ మధ్య పెట్టండి. మొదటి కణుపు దాకా పట్టాలి. పట్టిందా? నోరు మామూలుగా నలభై నుంచి యాభై మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. మూడు వేళ్ళు పట్టకపోతే కారణం వెతకాలి. మన గుంటూరు, కృష్ణా వైపు ఎవరైనా 'ఈమధ్య కారం అస్సలు తినలేకపోతున్నానండీ, నోరు మండిపోతోంది' అన్నారనుకోండి, గుంటూరు మిరపకాయ పచ్చడి తిని పెరిగిన మనిషి మామూలు పప్పు కూడా మండుతోందన్నాడనుకోండి, వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. వక్క నములుతారా? గుట్కా, పాన్ మసాలా, స్వీట్ సుపారీ, భోజనం తర్వాత వక్కపొడి పాకెట్? వక్క వల్ల బుగ్గల లోపలి పొర తెల్లబడి తోలులా గట్టిపడుతుంది, లోపల తాళ్ళలాంటి పట్టీలు వేలికి తగులుతాయి, నోరు రోజురోజుకీ తక్కువ తెరుచుకుంటుంది. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. అది ఒత్తిడి జబ్బు కాదు. అది క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న జబ్బు. పొగాకు లేని వక్క అయినా సరే వస్తుంది. పొగాకు కలవలేదు కదా అని పిల్లలకి సుపారీ పాకెట్లు కొనిస్తున్నారు, దయచేసి ఆపండి. ఇవాళ నేను చెప్పినవన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

జ్ఞానదంతం దగ్గర చిగురు వాచినా నోరు తెరవలేరు, జ్వరం, వాపు, మింగితే నొప్పి ఉంటాయి. ముఖం మీద కరెంటు షాక్ కొట్టినట్టు సెకన్లపాటు మెరిసి పోయే నొప్పి అయితే అది నరానిది, న్యూరాలజిస్టు చూడాలి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణతల్లో నొప్పి మొదలై, నమిలితే దవడ అలిసిపోయి, చూపు మసకబారితే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి, ఆలస్యమైతే చూపు పోవచ్చు.

ఇక గుండె. దుర్గమ్మ కొండ మెట్లు ఎక్కుతుంటే దవడ లాగి, ఆగి కూర్చుంటే తగ్గుతోందా? అది పళ్ళ నొప్పి కాదు. కండరం నొప్పి నమిలితే పెరుగుతుంది, గుండె నొప్పి శ్రమతో పెరుగుతుంది. దవడ నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే పళ్ళ డాక్టరు కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

పగలు చేయాల్సింది

ఇవేవీ కాదు, కండరాల బిగింపే అని తేలింది. ఇప్పుడేం చేయాలి? ఖర్చు లేనిది ముందు చెప్తాను, ఎందుకంటే బాగా పనిచేసేది కూడా అదే.

అందరూ 'న్' అనండి. 'న్...' అని ఆపేయండి. నాలుక కొన ఎక్కడ ఉంది? పై ముందు పళ్ళ వెనక, అంగిట్లో. ఉందా? నాలుకని అక్కడే ఉంచి, పెదవులు మెల్లగా మూయండి. నొక్కొద్దు, ఊరికే ఆనించండి. ముక్కుతో గాలి పీల్చండి. ఇప్పుడు పళ్ళు తగులుతున్నాయా? తగలవు. నాలుక అక్కడ తేలిగ్గా ఉంటే దవడ దానంతటదే కిందికి జారుతుంది. పెదవులు కలిసి, పళ్ళు విడిగా, నాలుక పైన. దవడకి విశ్రాంతి అంటే ఇదే.

తెలిసింది కదా, ఇక అయిపోయిందా? అవలేదు. రెండు నిమిషాల్లో మర్చిపోతారు, మళ్ళీ బిగిస్తారు. ఇది అలవాటు, అలవాటుకి గుర్తుచేసేది ఒకటి కావాలి. బొట్టుబిళ్ళలు తీసుకోండి. ఫోను వెనక ఒకటి, పుస్తకం అట్ట మీద ఒకటి, స్కూటీ స్పీడోమీటరు పక్కన ఒకటి, స్టవ్ దగ్గర గోడకి ఒకటి, కంప్యూటరు అంచున ఒకటి అంటించండి. దాని మీద కన్ను పడినప్పుడల్లా ఒకటే పని: పళ్ళు తగులుతున్నాయా అని చూసుకోవడం. తగులుతుంటే 'న్' అనుకుని వదిలేయడం, భుజాలు కిందికి దించడం, ఒకసారి నిదానంగా ఊపిరి వదలడం. ఐదు సెకన్ల పని. తిట్టుకోవాల్సిన పనిలేదు, వదిలేస్తే చాలు. మొదటి రెండు రోజులు 'అయ్యో, రోజంతా బిగిస్తూనే ఉన్నానే' అని భయపడతారు. భయం వద్దు, పట్టుకోవడం నేర్చుకున్నారన్నమాట. వారం తర్వాత బిళ్ళల చోటు మార్చండి. ఎందుకంటే రోజూ ఒకేచోట ఉంటే కంటికి ఆనదు, అందుకే చాలామందికి ఇది పనిచేయకుండా పోతుంది.

ఏ వేళ ఎక్కువ బిగిస్తున్నారో కూడా ఒక కాగితం మీద రాసుకోండి. బండి మీదా, ఫలానా మనిషితో ఫోన్ మాట్లాడేటప్పుడా, లెక్కల పేపరు ముందా? రాస్తే తెలుస్తుంది. పెన్ను కొరకడం, గోళ్ళు కొరకడం, బుగ్గ లోపల కొరకడం, గంటల తరబడి చూయింగ్ గమ్, గెడ్డానికి చెయ్యి ఆనించడం, మెడకీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి మాట్లాడటం, ఇవన్నీ మానాలి.

నొప్పి ఉన్న రోజుల్లో కాపడం. తువాలు వేడినీళ్ళలో ముంచి పిండి, బుగ్గ మీద పదిహేను, ఇరవై నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. చల్లారితే మళ్ళీ ముంచాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఇంట్లోవాళ్ళ చేత వేడి చూపించుకుని పెట్టుకోండి, స్పర్శ తక్కువ ఉంటే కాలినా తెలియదు. కాపడం తర్వాత రెండు వేళ్ళ మెత్తటి భాగంతో బుగ్గ కండరం మీద చిన్నచిన్న సున్నాలు చుడుతున్నట్టు ఒక్కో వైపు రెండు నిమిషాలు రుద్దండి, కణతల మీద కూడా. నొప్పి పుట్టేంత గట్టిగా కాదు. తర్వాత నాలుక కొన అంగిట్లో ఉంచి, అది జారనంత మేరకే నోరు నిదానంగా తెరిచి మూయండి. ఆరుసార్లు. ఇలా రోజుకి ఆరు విడతలు. టకటకా చేయకండి, చప్పుడు వచ్చేంత పెద్దగా తెరవకండి.

తిండి రెండు వారాలు మెత్తగా ఉండాలి. ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం, బాగా ఉడికిన కూరలు. చేగోడీలు, జంతికలు, పల్లీ చిక్కీ, చెరుకు, మటన్ బొమికలు, పచ్చి మామిడి కాయ కొరకడం వద్దు. ఒకే వైపు నమలకండి. ఆవలింత వచ్చినప్పుడు గెడ్డం కింద పిడికిలి పెట్టి ఆపండి, నోరు బార్లా తెరవకండి.

మాత్రలు? పెద్దవాళ్ళకి ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక, రోజుకి మూడుసార్ల లోపు, నాలుగైదు రోజులు వేసుకుంటే కొందరికి బాగా తగ్గుతుంది. కానీ అల్సర్, కిడ్నీ సమస్య, బీపీ మందులు, రక్తం పల్చబడే మందులు, ఆస్తమా, గర్భం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్ని అడక్కుండా వద్దు. నెలల తరబడి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని మింగడం అసలే వద్దు.

రాత్రి, ప్లేటు

రాత్రి సంగతికొస్తే, సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ మానండి. కాఫీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి మద్యం తాగితే నిద్ర పడుతుందనుకుంటారు, నిజానికి మధ్యమధ్య మెలకువలు పెరుగుతాయి, నూరుడూ పెరుగుతుంది. సిగరెట్ కూడా అంతే.

డిప్రెషన్‌కీ, ఆందోళనకీ ఇచ్చే కొన్ని మందులు, ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి, కొందరిలో పళ్ళు బిగించేలా చేస్తాయి. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి దవడ నొప్పి వస్తే రాసిచ్చిన డాక్టరుకి చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఆపితే వచ్చే నష్టం పళ్ళు అరిగే నష్టం కంటే చాలా పెద్దది.

గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ గాలి పీల్చే మనిషి మీ ఇంట్లో ఉంటే, పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తుంటే, ముందు నిద్ర పరీక్ష చేయించండి. ఎందుకు ముందు అంటున్నాను? నూరుడు నుంచి పళ్ళని కాపాడటానికి రాత్రి పై పళ్ళకి పెట్టే ప్లేటు అలాంటి కొందరిలో ఊపిరి ఆగడాన్ని ఇంకా పెంచవచ్చు.

ఇదిగో, ఆ ప్లేటు ఇది. స్ప్లింట్ అంటాం, నైట్ గార్డ్ అని కూడా అంటారు. ముందు వరుసలో వాళ్ళు చేతిలోకి తీసుకుని చూసి వెనక్కి అందించండి. చూడండి, గట్టి అక్రిలిక్, అద్దంలా ఉంది. పై పళ్ళన్నిటినీ కప్పుతుంది, ఒక్క పన్నూ వదలదు. వెనక దంతాల దగ్గర సుమారు రెండు మిల్లీమీటర్ల మందం. కింది వైపు తిప్పి చూడండి, నీలం చుక్కలు కనిపిస్తున్నాయా? అవి కార్బన్ కాగితం గుర్తులు. కింది ప్రతి పన్నూ ఒకే సమయంలో, ఒకే బలంతో తగిలితేనే రెండు వైపులా చుక్కలు సమానంగా పడతాయి. పక్కకి జరిపినప్పుడు కోరపన్ను దగ్గర మాత్రమే గీత పడాలి, వెనక దంతాలు విడిపోవాలి. ఇలా రావడానికి డాక్టరు కుర్చీ పక్కన నిలబడి, కాగితం పెట్టి, కొరికించి, గీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ గీకి కూర్చోబెట్టాలి. రెండు దవడల అచ్చులు తీయడం, ల్యాబ్‌లో చేయించడం ఒక ఎత్తు, ఈ సరిచేయడం ఒక ఎత్తు. ల్యాబ్ నుంచి వచ్చింది వచ్చినట్టు నోట్లో పెట్టి ఐదు నిమిషాల్లో పంపించేస్తే అడగండి: 'కాగితం పెట్టి చూశారా డాక్టర్ గారూ?' అడగడం మీ హక్కు. ఒక వైపే తగిలే ప్లేటు వేసుకుంటే ఉన్న నొప్పికి కొత్త నొప్పి కలుస్తుంది.

ప్లేటు నూరడాన్ని ఆపుతుందా? ఆపదు. ఇది స్పష్టంగా చెప్పాలి. పళ్ళకి బదులు ప్లేటు అరుగుతుంది, కీలు మీద బరువు సర్దుకుంటుంది, చాలామందికి పొద్దున నొప్పి తగ్గుతుంది. అంతే దాని పని. పెట్టిన వారానికి ఒకసారి, తర్వాత నెలకి, తర్వాత ఆరు నెలలకి చూపించుకోవాలి. కొత్తగా సిమెంటో, క్యాపో వేయించుకుంటే ప్లేటు పట్టదు, అందుకే పళ్ళ డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా డబ్బాతో సహా తీసుకెళ్ళండి. పొద్దున తీయగానే చన్నీళ్ళతో, సబ్బు, మెత్తటి బ్రష్‌తో కడగండి. పేస్టు వద్దు, గీతలు పడతాయి. వేడినీళ్ళు అస్సలు వద్దు. మరిగే నీళ్ళలో వేస్తే వంగిపోతుంది, మళ్ళీ కొత్తది చేయించడమే. తీశాక పళ్ళు సరిగ్గా కలవనట్టు కాసేపు అనిపించడం మామూలే. మధ్యాహ్నానికి కూడా అలాగే ఉంటే చూపించండి.

ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్ళలో ముంచి కొరికే మెత్తటి గార్డులు? కొందరు వాటిని నమిలేస్తారు, కొందరిలో బిగింపు పెరుగుతుంది. ఇంకా ప్రమాదం, ముందు పళ్ళకి మాత్రమే తగిలించుకునే చిన్న ముక్కలు. నెలల తరబడి డాక్టరు చూడకుండా వేసుకుంటే వెనక దంతాలు పైకి లేచి, తర్వాత ముందు పళ్ళు కలవనే కలవవు. చిన్నది కాబట్టి నిద్రలో మింగే ప్రమాదం కూడా ఉంది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇది మెదడులోంచి వచ్చేదని? ఇప్పుడు దాంతో పని పడింది. 'మీ పళ్ళు ఎత్తుపల్లాలుగా ఉన్నాయి, అరగదీస్తే నొప్పి పోతుంది' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 'అన్నిటికీ క్యాపులు వేద్దాం', 'క్లిప్పులు పెడితే కొరకడం ఆగుతుంది', ఇవి కూడా. పళ్ళు అరగదీస్తే, క్యాపులు వేస్తే మెదడు కొరకడం మానదు, కాని పోయిన ఎనామిల్ రాదు. ఈమధ్యే వేయించుకున్న సిమెంటు ఎత్తుగా ఉంటే దాన్ని సరిచేయడం వేరు, అది చేయించుకోండి. బాగా అరిగిపోయిన పళ్ళని తిరిగి కట్టడం కూడా వేరు, అది అరుగుదలకి వైద్యం, నొప్పికి కాదు. బొటాక్స్ సూది కండరం బలాన్ని మూడు నాలుగు నెలలు తగ్గిస్తుంది, తర్వాత మళ్ళీ మొదలు. మిగతావన్నీ చేసి చూశాక, ఇక తప్పదనుకున్న కొద్దిమందికే అది. కండరాల దవడ నొప్పి ఎక్కువమందికి కాపడం, మెత్తటి తిండి, పళ్ళు విడిగా ఉంచడం, అవసరమైతే ప్లేటుతో తగ్గుతుంది. వెనక్కి తీసుకోలేని పని ఏదీ మొదటే చేయించుకోవద్దు. ఎవరైనా తొందరపెడితే రెండో అభిప్రాయం తీసుకోండి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ చూపించుకోండి.

ఇక్కడ ఇంటర్ పిల్లల అమ్మానాన్నలు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. పిల్లాడు దవడ నొప్పి అంటే ముందు నోరు చూపించండి. తర్వాత వాడు ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో అడగండి. మార్కులు అడగొద్దు, నిద్ర అడగండి. ఐదు గంటలు పడుకుని, పొద్దున పరీక్ష, సాయంత్రం పరీక్ష, ఆదివారం ర్యాంకుల లిస్టు, ఇలా ఉన్న పిల్లాడికి నేను ఎంత మంచి ప్లేటు చేసిచ్చినా అది వాడి పళ్ళనే కాపాడుతుంది. తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడక, 'ఇక నావల్ల కాదు' అంటుంటే ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. డబ్బులేం కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రాసుకోండి, 14416. హాస్టల్ వార్డెన్లు ఎవరైనా వచ్చి ఉంటే గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

ప్రశ్నలు అడగండి.

ఆఁ, చెప్పండమ్మా. చిన్నపిల్లలు రాత్రి పళ్ళు కొరుకుతుంటే నులిపురుగులా అని. చాలామంది ఇదే అడుగుతారు. నులిపురుగుల వల్లే కొరుకుతారనడానికి గట్టి ఆధారం లేదు. పురుగుల మందు వేయించండి, బడిలో ఏడాదికి రెండుసార్లు ఆల్బెండజోల్ ఇస్తారు కదా, అది రక్తహీనతకీ, ఎదుగుదలకీ మంచిది. కానీ వేయించినా కొరకడం ఆగలేదని కంగారుపడొద్దు. పాలపళ్ళ వయసులో చాలామంది పిల్లలు కొరుకుతారు, పెద్దయ్యేకొద్దీ ఎక్కువమందికి తగ్గిపోతుంది. పళ్ళు ఇంకా వస్తూ ఉంటాయి కాబట్టి ప్లేట్లు మామూలుగా పెట్టం. నోరు తెరిచి గురకపెట్టి నిద్రపోతుంటే మాత్రం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ గ్రంథులు చూపించండి.

అయ్యా, మీరు. నోరు తెరిస్తే టక్కుమని చప్పుడు. నొప్పి ఉందా? లేదు. మూడు వేళ్ళు పడుతున్నాయా? పడుతున్నాయి. అయితే వైద్యం అక్కర్లేదు. కీలు మధ్యలో ఉండే మెత్తటి బిళ్ళ కాస్త ముందుకి జారి, తెరిచినప్పుడు మళ్ళీ చోటుకొస్తే ఆ చప్పుడు. చాలామందికి ఉంటుంది. ఎంఆర్ఐ కూడా అక్కర్లేదు. కానీ ఒకరోజు ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయి, రెండు వేళ్ళు కూడా పట్టకపోతే వెంటనే రండి, బిళ్ళ అడ్డుపడిందన్నమాట, తొందరగా వస్తే తేలిక. ఆవలించి నోరు మూతపడకుండా ఉండిపోయినా అంతే, ఇంట్లో లాగడాలు, కొట్టడాలు చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

చివరగా, వెనక ఉన్న పెద్దాయన. కట్టుడు పళ్ళు ఉన్నాయి, నిద్రలో కొరుకుతున్నానని మనవరాలు అంటోంది అంటున్నారు. పళ్ళు లేకపోయినా దవడ బిగుస్తుందండీ. సెట్టు పెట్టుకునే పడుకుంటున్నారా? అందుకే పొద్దున చిగుళ్ళు పుండుపడుతున్నాయి. రాత్రి తీసేసి, కడిగి, మూత ఉన్న గిన్నెలో మామూలు నీళ్ళలో వేసి పడుకోండి. చిగుళ్ళని మెత్తటి గుడ్డతో తుడవండి. వారం చూసి పుండు మానకపోతే సెట్టు తీసుకుని రండి, ఎక్కడ ఒత్తుతోందో చూసి ఆ చోట సరిచేస్తాం.